మా గుర్రం ఒంటి మీద బుడిపెలు. సంతలో గ్లాండర్స్ అంటున్నారు, ఎలా తెలుసుకోవడం?

కొండదారి (ఆగస్టు 4, రాత్రి)

అందరికీ నమస్కారం. మాది పాడేరు ఏజెన్సీలో, జి.మాడుగుల మండలంలో ఒక కొండ మీది ఊరు. రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి ఇంటికి నాలుగు కిలోమీటర్ల ఎక్కుడు. బియ్యం, ఉప్పు, నూనె పైకి రావాలన్నా, కాఫీ, మిరియాలు, అల్లం కిందికి దిగాలన్నా మాకు గుర్రమే ఆధారం. మా ఇంట్లో ఉన్నది ఆడగుర్రం. గోధుమరంగు ఒళ్లు, నుదుటి మీద తెల్ల చుక్క. అందుకే చుక్క అని పిలుస్తాం. వయసు తొమ్మిదేళ్లు.

ఈసారి వానలు పట్టిన పట్టు విడవలేదు. పన్నెండు రోజుల క్రితం బరువు దింపి, వీపు మీది గోనెపట్టా తీసి చెయ్యి పెట్టి చూస్తే గరుగ్గా తగిలింది. అన్నం మెతుకులు పడి వెంట్రుకలకు అతుక్కుని ఎండిపోతే ఎలా ఉంటుందో అలా. చూడబోతే ఏమీ కనిపించదు, చేతికి మాత్రం తెలుస్తుంది. ఇప్పుడు వెన్ను పొడవునా, తొంటి మీదా వచ్చేశాయి. చెయ్యి వేస్తే చర్మం వణికిస్తుంది, పక్కకు జరుగుతుంది.

అవి కాక ఎడమ పక్కన, పట్టా అంచు ఆనే చోట, చర్మం లోపల చింతగింజంత గట్టి ముద్ద ఉంది. దాని మీద వెంట్రుకలు మామూలుగానే ఉన్నాయి. నొక్కితే చుక్క పట్టించుకోదు.

నన్ను భయపెడుతున్నవి మూడోవి. వెనక ఎడమ కాలు లోపలి వైపు, తొడ మీద, ఒకే వరసలో మూడు బుడిపెలు. మొన్న సంతలో ఇంకో గుర్రం ఆసామి అవి చూసి, ఇది గ్లాండర్స్, ప్రభుత్వం వాళ్లకు తెలిస్తే గుర్రాన్ని చంపేస్తారు, ఎవరికీ చెప్పకు అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాన్న సరిగా తినడం లేదు. మా చెల్లెలు రోజూ పొద్దున చుక్క మూతి పట్టుకుని బెల్లం ముక్క పెడుతుంది. తనకు కూడా అంటుతుందేమోనని దూరంగా ఉంచాం, అది ఏడుస్తోంది.

చుక్క మేత మామూలుగానే తింటోంది. ఉలవలు పెడితే గిన్నె ఖాళీ చేస్తోంది. ముక్కులోంచి ఏమీ కారడం లేదు. ఇప్పటికి నాన్న కానుగ నూనెలో పసుపు కలిపి రాస్తున్నారు. ఏది ఏ రోగమో ఎలా పోల్చుకోవాలి? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

విశ్రాంత పశువైద్యురాలు (ఆగస్టు 5, ఉదయం)

బాబూ, మీరు రాసిన తీరు చాలా బాగుంది. చాలామంది ఒక ఫోటో పెట్టి పేరు చెప్పమంటారు. మీరు చేత్తో తడిమి చెప్పారు, అదే కావాలి. నేను ఉద్యోగం మొదలుపెట్టింది రంపచోడవరం వైపే. కొండ గుర్రాల వీపులు చాలా చూశాను.

మొదటి మాట. ఇవన్నీ ఒకే రోగం అయి తీరాలని అనుకోకండి. మూడు చోట్ల మూడు రకాలుగా ఉన్నాయని మీరే రాశారు. ఒక గుర్రానికి ఒకేసారి మూడు వేర్వేరు సంగతులు ఉండవచ్చు. వాటన్నిటికీ ఒకే పేరు వెతకబోతే భయం పెరుగుతుంది, వైద్యం తప్పుతుంది.

గ్లాండర్స్ గురించి దాచకుండా చెబుతాను. అది బాక్టీరియా వల్ల వచ్చే జబ్బు. గుర్రాలకూ గాడిదలకూ కంచర గాడిదలకూ వస్తుంది, మనుషులకూ అంటుతుంది, ప్రాణం తీస్తుంది. చర్మానికి వచ్చినప్పుడు కాళ్ల లోపలి వైపు, పొట్ట పక్కన, చర్మం కింద నీరులాంటి రసం పారే శోషరస నాళం వెంట పూసలు గుచ్చినట్టు గడ్డలు లేస్తాయి. ఆ గడ్డల మధ్య నాళం తాడులా చేతికి తగులుతుంది. కొద్ది రోజుల్లో గడ్డలు పగిలి తేనెలా జిగట రసి కారుతుంది, పుండు త్వరగా మానదు. దానితో పాటు జ్వరం, బక్కచిక్కడం, తరచుగా ముక్కులోంచి చీమిడి, దవడ కింద గట్టి బిళ్ల కూడా ఉంటాయి. మీ చుక్క మేత తింటోంది, ముక్కు శుభ్రంగా ఉంది. ఆశ పెట్టుకోవడానికి ఇది కారణమే కానీ, రక్తపరీక్ష అక్కర్లేదనడానికి కారణం కాదు.

ఎవరికీ చెప్పకు అన్న ఆ సలహాను మాత్రం ఇప్పుడే మరచిపోండి. గ్లాండర్స్ అనుమానం ఉంటే తెలియజేయాలని 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టమే చెబుతోంది. పరీక్ష చేసి నిర్ధారించేది హర్యానాలో హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం. బుడిపె చూసి ఎవరూ గుర్రాన్ని చంపరు. రోగం నిర్ధారణ అయితేనే ఆ నిర్ణయం ఉంటుంది, అప్పుడు యజమానికి పరిహారం కూడా ఉంటుంది. దాచితే మాత్రం ముందు ప్రమాదంలో పడేది బెల్లం పెట్టే మీ చెల్లెలే. మండలం పశువైద్యశాలకు వెళ్లండి, లేదా 1962 నంబరుకు ఫోను చేయండి. ఫలితం వచ్చేదాకా చుక్కకు వేరే బకెట్టు, వేరే కట్టుకొయ్య. సంతకు తీసుకెళ్లవద్దు. ముట్టుకునే మనిషి చేతికి తొడుగు వేసుకోవాలి.

ఇప్పుడు నాకు మూడు సంగతులు చూసి చెప్పండి.

ఒకటి, ఆసన మార్గంలో థర్మామీటరు పెట్టి జ్వరం చూడండి. నీడలో అరగంట నిలబెట్టాక చూడాలి. 99 నుంచి 101 ఫారన్‌హీట్ దాకా మామూలే.

రెండు, వీపు మీది గరుకు బుడిపెల్లో ఒకదాన్ని ఎంచుకుని చుట్టూ చాక్‌పీసుతో సున్నా చుట్టండి. మర్నాడు ఉదయం చూడండి. దద్దుర్లయితే ఆ సున్నాలో ఏమీ మిగలదు, పక్కన కొత్తవి లేచి ఉంటాయి. బొటనవేలితో నొక్కితే గుంట పడి నెమ్మదిగా పైకి వస్తాయి. చర్మం పైన పట్టిన జబ్బయితే మర్నాడు కూడా అక్కడే ఉంటుంది.

మూడు, చెక్కు ఊడి వచ్చేటట్టు ఉంటే ఒక్కటి మాత్రం తీసి, దాని అడుగుభాగం ఎలా ఉందో రాయండి. బలవంతంగా పీకవద్దు, దానికి చాలా నొప్పి.

కానుగ నూనె ఆపేయండి. మీ నాన్నగారు చేసింది ప్రేమతోనే. కానీ తడిసిన వీపు మీద నూనె రాస్తే తేమ లోపలే ఉండిపోతుంది.

గేదెల రైతు (ఆగస్టు 5, మధ్యాహ్నం)

ఇంత కంగారు అవసరం లేదు. వానాకాలంలో మా గేదెలకూ ఇలాగే బుడిపెలు వస్తాయి. పిడుదుల మందు, అమిట్రాజ్, నీళ్లలో కలిపి ఒళ్లంతా పోయండి. మూడు రోజుల్లో తగ్గిపోతుంది. మా ఇంట్లో పదేళ్లుగా అదే వాడుతున్నాం.

విశ్రాంత పశువైద్యురాలు (ఆగస్టు 5, మధ్యాహ్నం)

కొండదారి గారూ, దయచేసి ఆ పని చేయకండి. గేదె రైతు గారూ, మీ గేదెలకు అది సరైన మందే, మీ అనుభవాన్ని నేను కాదనడం లేదు. గుర్రానికి మాత్రం అమిట్రాజ్ పనికిరాదు. అది గుర్రం పేగుల కదలికను ఆపేస్తుంది. మేత లోపలే గట్టిపడి కడుపునొప్పితో పొర్లి పొర్లి చనిపోవచ్చు. నెమరు వేసే జంతువు కడుపు వేరు, గుర్రం కడుపు వేరు. అలాగే, మోనెన్సిన్ అనే మందు కలిపిన పశువుల దాణా, కోళ్ల దాణా కూడా గుర్రం దగ్గర ఉంచకూడదు. అది కొద్దిపాటిగా తిన్నా గుండె దెబ్బతింటుంది. ఈ రెండూ గుర్రం ఉన్న ప్రతి ఇంట్లో గోడ మీద రాసి పెట్టుకోవాలి.

గేదెల రైతు (ఆగస్టు 5, సాయంత్రం)

నాకు తెలియదు డాక్టర్ గారూ. చెప్పినందుకు కృతజ్ఞతలు. మా వీధి చివర పెళ్లి గుర్రాలు పెంచేవాళ్లున్నారు, వాళ్లకూ చెబుతాను.

మలక్‌పేట పాత సాయీసు (ఆగస్టు 5, రాత్రి)

డాక్టరమ్మ గారికి నమస్కారం. నేను హైదరాబాదులో పందెపు గుర్రాల దగ్గర ముప్పై ఏళ్లు సాయీసుగా పనిచేశాను. నాకు శాస్త్రం తెలియదు. రోజూ రెండు పూటలా ఖరారా, అంటే గుర్రాల దువ్వెన, పట్టి మాలీషు చేసిన చేతులు నావి. గుర్రం చర్మంలో తేడా వస్తే కంటి కంటే ముందు చేతికి తెలుస్తుంది. తమ్ముడూ, మీరు అన్నం మెతుకులన్నారే, ఆ మాట చదవగానే నాకు పాత వానాకాలాలు గుర్తొచ్చాయి.

దద్దుర్ల విషయంలో నేను చూసింది చెబుతాను. రాత్రి బాగున్న గుర్రానికి తెల్లారేసరికి మెడ మీద, ఛాతీ మీద రూపాయి బిళ్లలంత లేచి ఉంటాయి. చూస్తే గుండె ఆగుతుంది. అప్పుడు మందు కంటే ముందు, నిన్నటికీ ఇవాళ్టికీ ఏది మారిందని అడగాలి. తవుడు బస్తా కొత్తదా? బూజు వాసన ఉందా? దుప్పటి సబ్బుపొడితో ఉతికి సరిగా జాడించలేదా? కొత్త ఇంజెక్షన్ పడిందా? తొంభై పాళ్లు జవాబు అక్కడే దొరికేది. పెదాలు, ముక్కు వాచి ఊపిరి బరువైతే మాత్రం ఆలోచించకుండా డాక్టరు కోసం పరుగెత్తాలి.

ఒక్క సంగతి మనసులో ఉండిపోయింది. ఒక పెళ్లి గుర్రానికి ఊరేగింపు ముందు రోజు దద్దుర్లు లేచాయి. యజమాని తొందరపడి, ఎవరినీ అడగకుండా, దుకాణంలో స్టెరాయిడ్ కొని పెద్ద మోతాదులో పొడిపించాడు. దద్దుర్లు రాత్రికే పోయాయి. నాలుగో రోజుకు గుర్రం ముందు కాళ్లు నేల మీద ఆన్చలేకపోయింది. గిట్టల లోపల వాపు. ఆ ఇంజెక్షనే కారణమై ఉండవచ్చని తరువాత వచ్చిన డాక్టరు అన్నారు. ఆ గుర్రం మళ్లీ సరిగా నడవలేదు. స్టెరాయిడ్ చెడ్డ మందని నేను అనను. అది డాక్టరు చేతిలో ఉండవలసిన మందు.

ఇంకొకటి. సాయంత్రం, వేకువన జూలు, తోక మొదలు గోడకేసి రాపిడి పెట్టుకుంటోందా చూడండి. కంటికి కనిపించీ కనిపించనంత చిన్న నుసుములు కుడితే కొన్ని గుర్రాలకు అసలు పడదు, జూలు కింద బుడిపెలు లేచి వెంట్రుకలు ఊడిపోతాయి. అవి గాలికి ఎగరలేవు. మా దగ్గర ఆ వేళల్లో లోపల కట్టేసి పంకా వేసేవాళ్లం, సగం బాధ తీరేది.

కొండదారి (ఆగస్టు 7, రాత్రి)

డాక్టరమ్మ గారూ, సాయీసు అన్నా, మీ ఇద్దరికీ నమస్కారాలు. చెప్పినవన్నీ చేశాను.

జ్వరం 100.4. సాయంత్రం మళ్లీ చూస్తే 100.2. జూలు, తోక రాపిడి లేదు.

చాక్‌పీసు సున్నాలు మూడు చుట్టాను. మర్నాడు పొద్దున, ఇవాళ పొద్దున కూడా మూడింటిలోనూ బుడిపెలు అక్కడే ఉన్నాయి.

ఒక చెక్కు దానంతటదే వదులై ఉంటే, తొడుగు వేసుకుని, గోరువెచ్చటి నీళ్లలో ముంచిన గుడ్డ కాసేపు అద్ది తీశాను. దానితో పాటు వెంట్రుకలన్నీ కట్టగా వచ్చేశాయి. రెండు వేళ్ల మధ్య పట్టుకుంటే అచ్చం చిన్న రంగుల కుంచెలా ఉంది. పైన వెంట్రుకలు, కింద చెక్కు పిడి. అడుగున గిన్నెలా గుంట, అందులో పసుపు, ఆకుపచ్చ కలిసిన చీము కొంచెం. అది ఊడిన చోట చర్మం ఎర్రగా, తడిగా ఉంది.

మండలం డాక్టరు గారు నిన్న కొండ ఎక్కి వచ్చారు. మెడ నరంలోంచి రక్తం తీశారు, రెండు చెక్కులు సీసాలో వేసుకున్నారు. తొడ లోపలి మూడు బుడిపెలను టార్చి వేసి చూశారు. మధ్యదాని మీద ఆవగింజంత నల్లటిది ఏదో అంటుకుని ఉంది. పట్టుకారుతో మెల్లగా లాగితే కాళ్లు కదిపింది. పిడుదు. మిగతా రెండింటి మీద పిడుదు కరిచి వదిలిన మచ్చ ఉంది. మధ్యలో తాడులాంటిదేమీ చేతికి తగలలేదన్నారు. అయినా రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా మీరు చెప్పిన జాగ్రత్తలే పాటించమన్నారు.

నాన్న నిన్న రాత్రి అన్నం తిన్నారు.

విశ్రాంత పశువైద్యురాలు (ఆగస్టు 8, ఉదయం)

మీ కుంచె వర్ణన చదివి నాకు చాలా సంతోషం కలిగింది. మేం విద్యార్థులుగా ఉన్నప్పుడు ఈ జబ్బును గుర్తుపట్టడానికి నేర్చుకున్న మొదటి గుర్తు అదే. డెర్మటోఫైలస్ కాంగోలెన్సిస్ అనే బాక్టీరియా చేసే పని ఇది. వాన చెక్కు అనుకోండి. కొన్ని జంతువుల చర్మం మీద ఏ హానీ చేయకుండా ఉంటుంది. వాన నీటికి చర్మం నాని, బరువు రాపిడికి పైపొర దెబ్బతింటే అప్పుడు లోపలికి దిగుతుంది. మీ డాక్టరు తీసుకెళ్లిన చెక్కును నలిపి సూక్ష్మదర్శినిలో చూస్తే గుండ్రటి కణాలు జంట వరసల్లో రైలు పట్టాల్లా కనిపిస్తాయి. వానలో తడిసే వీపు, తొంటి మీదే రావడానికి కారణం ఇదే.

వైద్యంలో సగం, పొడిగా ఉంచడమే. పూర్తిగా మానేదాకా వీపు మీద బరువు వద్దు. ఇది మీకు కష్టమని నాకు తెలుసు, కానీ పచ్చి చర్మం మీద గోనె రాసుకుంటే మందు పనిచేయదు. పోవిడోన్ అయోడిన్‌ను పలచటి టీ రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి, లేదా క్లోర్‌హెక్సిడిన్ ద్రావణం దొరికితే అది, చెక్కుల మీద అద్ది పది నిమిషాలు ఉంచాలి. మెత్తబడినవి మాత్రం వేళ్లతో తీయాలి. తరువాత కడిగి పొడిగుడ్డతో పూర్తిగా తుడవాలి. ఆ తుడవడం మానేస్తే కడగకపోవడమే నయం. మొదటి వారం రోజూ, తరువాత వారానికి రెండుసార్లు. తీసిన చెక్కులను కింద పారేయవద్దు. వాటిలో ఆ క్రిమి నెలల తరబడి బతికి ఉంటుంది, కాల్చేయాలి. గోనెపట్టా, తాళ్లు, దువ్వెన వేడినీళ్లతో ఉతికి ఎండబెట్టాలి. ఎండ లేకపోతే పొయ్యి మీది అటక మీద ఆరబెట్టండి. మరో గుర్రానికి ఆ పట్టా వేయకూడదు. జబ్బు ఎక్కువగా ఉంటే పెన్సిలిన్ ఇస్తారు, అది మీ డాక్టరు నిర్ణయించాలి.

గుండ్రంగా వెంట్రుకలు రాలి బూడిద చల్లినట్టు పొట్టు లేస్తే అది తామర. మీదగ్గర అలాంటివి లేవు కదా? ఉంటే అది మనుషులకూ సులువుగా అంటుతుంది, మందు వేరు.

చింతగింజంత ముద్ద గురించి. వెంట్రుకలు పోకుండా, నొప్పి లేకుండా, పట్టా అంచు దగ్గర గట్టిగా ఉన్నదంటే, అక్కడ చర్మంలోని పీచు దెబ్బతిని గట్టిపడిందేమో. ఈగ కుట్టినా, రాపిడికైనా ఇలా వస్తుంది. చాలావరకు అలాగే ఉండిపోతాయి. కొలిచి రాసి పెట్టుకోండి. పెరిగినా, పైన వెంట్రుకలు పోయినా, పుండు పడినా డాక్టరుకు చూపించండి. మీరు దాన్ని కోయడం, దారం కట్టడం, సున్నం పెట్టడం చేయవద్దు. చుక్కను ఆవులతో కలిపి కడతారా? ఆవుల పులిపిరి వైరస్ వల్ల గుర్రాలకు సార్కాయిడ్ అనే గడ్డలు వస్తాయి. వాటిని సగం సగం కెలికితే మరింత వేగంగా పెరగవచ్చు.

కొండ కింద గుర్రాలున్నవాళ్లకు ఒక మాట, ఇది చుక్కకు సంబంధించింది కాదు. నిలవ నీళ్లలో, వరి మడుల్లో నిలబడే గుర్రం కాలికి పుండు పడి, రోజురోజుకీ పెరుగుతూ, లోపల పసుపుపచ్చని గట్టి పలుకులు కనిపిస్తే ఆలస్యం చేయకండి. ఆ పలుకులు కంకర రాళ్లలా ఉంటాయి కాబట్టి వాటికి పాతకాలం నుంచి కంకర పేరే ఉంది, ఆంగ్ల గ్రంథాలు కూడా ఆ మాటనే తీసుకున్నాయి. ఆ జబ్బు పేరు పితియోసిస్. మొదట్లోనే కోసి తీస్తే గుర్రం దక్కే ఆశ ఎక్కువ.

తెల్లగుర్రం యజమాని, వరంగల్ (ఆగస్టు 8, సాయంత్రం)

అమ్మా, మధ్యలో వచ్చినందుకు క్షమించండి. మా తెల్ల గుర్రానికి పదహారేళ్లు. తోక కింద నల్లటి గోలీల్లాంటివి మూడు ఉన్నాయి. నొప్పి లేదు. ఇవీ వానవల్లేనా?

విశ్రాంత పశువైద్యురాలు (ఆగస్టు 8, రాత్రి)

కాదు. పుట్టినప్పుడు ముదురు రంగులో ఉండి తరువాత తెల్లబడిన గుర్రాలకు పెద్ద వయసులో తోక కింద, ఆసనం చుట్టూ వచ్చే మెలనోమా గడ్డలు కావచ్చు. ఆ వయసు తెల్లగుర్రాల్లో చాలా ఎక్కువగా కనిపిస్తాయి. చాలాకాలం నెమ్మదిగానే పెరుగుతాయి, కానీ అవి లోపలి అవయవాలకూ పాకగలవు. పేడ వేయడానికి అడ్డం పడే చోట పెరుగుతున్నాయేమో డాక్టరు చూడాలి. చిన్నగా ఉన్నప్పుడే తీయించడం తేలిక. వేరే చర్చ మొదలుపెట్టి ఫోటోలు పెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.

కొండదారి (ఆగస్టు 29, రాత్రి)

అందరికీ చెప్పాలని ఇవాళ వెతుక్కుని వచ్చాను. రక్తపరీక్ష ఫలితం వచ్చింది. గ్లాండర్స్ లేదు. డాక్టరు గారు ఫోనులో చెబుతుంటే నాన్న నా చేతిలోంచి ఫోను తీసుకుని, మళ్లీ ఒకసారి చెప్పమని అడిగారు.

చెక్కులో రైలు పట్టాల్లాంటి వరసలే కనిపించాయట. ఐదు రోజులు పెన్సిలిన్ ఇంజెక్షన్లు వేశారు. కడగడం మేమే చేశాం. మొదటి రెండు రోజులు చుక్క నిలబడలేదు. తరువాత గోరువెచ్చటి నీళ్లు తగిలితే కళ్లు సగం మూసుకుని నిలబడేది. ఎండ లేదు కాబట్టి తుడవడానికే ఎక్కువ సేపు పట్టేది, పాత పంచెలు నాలుగు అయిపోయాయి. వెన్ను మీద ఇప్పుడు చెక్కులు లేవు. ఊడిన చోట్ల పొట్టి వెంట్రుకలు మొలుస్తున్నాయి, మిగతా ఒంటికంటే కాస్త ముదురు రంగులో ఉన్నాయి. తొడ మీది మూడూ పోయాయి. రోజూ సాయంత్రం చెవుల లోపల, తోక కింద, కాళ్ల సందుల్లో పిడుదుల కోసం వెతుకుతున్నాం. చింతగింజ అలాగే ఉంది. దారంతో కొలిచి ముడి వేసి గుమ్మానికి కట్టాం, ఇప్పటికి పెరగలేదు.

ఈ నెలంతా బియ్యం నేనూ నాన్నా తలల మీద మోశాం. పక్కింటివాళ్లు తమ గుర్రాన్ని రెండు రోజులు ఇచ్చారు, మా పట్టా కాకుండా వాళ్ల పట్టాతోనే. వాళ్ల గుర్రం వీపు తడిమి చూస్తే దానికీ తొంటి మీద నాలుగు మెతుకులు తగిలాయి. రేపు పొద్దున వాళ్లకు నీళ్లు కాచి ఇస్తాను, అయోడిన్ సగం సీసా మిగిలింది.

చెల్లెలు ఇవాళ బెల్లం పెట్టింది.